తెర మీది మబ్బు, తల మీది మబ్బు



పోయిన సంచికలో నేను తేనెటీగల గురించి రాశాను. బాగుందని చాలామంది అన్నారు. ఇద్దరు మాత్రం అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నారు. అందుకని ఈసారి పెద్దగా రాస్తున్నాను, మూడు చార్టులు పట్టాయి. అన్నం గంట కొట్టేలోపు పూర్తి కాకపోతే మిగతాది సాయంత్రం చదువుకోండి. చార్టు ఎక్కడికీ పోదు.

ఈ వ్యాసానికి కారణం ఆరో తరగతి తమ్ముడొకడు. ఒక రాత్రి స్టడీ అవర్ అయ్యాక అందరం వరండాలో నిలబడ్డాం. కొండ మీద మెరుపులు మెరుస్తున్నాయి. అదే సమయంలో ఎర్రదీపం మినుకుమినుకుమంటూ ఒక విమానం మన హాస్టల్ మీదుగా వెళ్లింది. ఆ తమ్ముడు, "అన్నా, చీకట్లో మబ్బు అడ్డమొస్తే విమానం నడిపేవాడికి ఎలా తెలుస్తుంది?" అనడిగాడు. నేను పెద్ద తెలిసినవాడిలాగా, "వాళ్ల ముందర టీవీలాంటి తెర ఉంటుందిరా, అందులో మబ్బు కనిపిస్తుంది" అన్నాను. వెనక నుంచి సైన్సు మాస్టారు విన్నారు. "కనిపిస్తుంది సరే, ఆ తెరలో కనిపించే మబ్బు ఎప్పటిది?" అనడిగారు. నాకు జవాబు రాలేదు. ఎప్పటిది ఏమిటి, ఇప్పటిదే కదా అనుకున్నాను.

కాదట. మాస్టారి దగ్గర, కంప్యూటర్ గదిలో రెండు వారాలు కూర్చుని తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద విమానం, చిన్న విమానం

మన తల మీదుగా పోయే పెద్ద విమానాలు సుమారు 35 వేల అడుగుల ఎత్తున ఎగురుతాయి. చాలా మబ్బులు వాటికి కిందే ఉండిపోతాయి. వాటి ముక్కులోనే సొంత రాడార్ ఉంటుంది. ముందున్న వానను అది అప్పటికప్పుడు చూపిస్తుంది. నడిపేవాళ్లు కూడా ఇద్దరుంటారు.

నేను రాసేది వాటి గురించి కాదు. సొంతానికి నడుపుకునే చిన్న విమానాల గురించి. మన దేశంలో ఇలాంటివి తక్కువ. అమెరికాలో మాత్రం చాలా ఎక్కువ. అక్కడ డాక్టర్లు, రైతులు, వ్యాపారులు కూడా లైసెన్సు తీసుకుని తమ విమానం తామే నడుపుకుంటారు. వాళ్లనే ప్రైవేట్ పైలట్లు అంటారు. ఇలాంటి విమానాల్లో పేరుపొందినది సెస్నా 172. ఇది మొదటిసారి 1955లో ఎగిరింది. ఒకే ఇంజను, నాలుగు సీట్లు. గంటకు సుమారు 220 కిలోమీటర్లు పోతుంది. ఇలాంటివి సాధారణంగా కొన్ని వేల అడుగుల ఎత్తులోనే ఎగురుతాయి. అంటే మబ్బుల పైనుంచి కాదు, మబ్బుల మధ్య నుంచి పోవాలి. ముక్కులో రాడార్ ఉండదు. పక్కన ఇంకో పైలట్ ఉండడు. దారి చూడాల్సిందీ, రేడియోలో మాట్లాడాల్సిందీ, ఇంజను చూసుకోవాల్సిందీ ఒక్కడే.

పూర్వం ఆ పైలట్ బయలుదేరే ముందు ఫోన్ చేసి వాతావరణం కనుక్కునేవాడు. కాగితం మీద రాసుకునేవాడు. పైకెళ్లాక రేడియోలో అడిగితే కింద ఉన్నవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు అతని ఒళ్లో పలకంత తెర ఉంటుంది. అందులో మ్యాపు, మ్యాపు మీద వాన, వాన పక్కన ఇతర విమానాలు, అన్నీ కనిపిస్తాయి. ఇంత సౌకర్యం ఎలా వచ్చిందో ముందు చెప్తాను. అందులో ఉన్న చిక్కు తర్వాత చెప్తాను.

వాన బొమ్మ తెరలోకి ఎలా వస్తుంది?

అమెరికా దేశమంతటా సుమారు 160 వాతావరణ రాడార్లు నేల మీద ఉన్నాయి. ఆ వరసను నెక్స్‌రాడ్ అంటారు. రాడార్ అంటే మనం కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లే. రాడార్ రేడియో తరంగాలను వదులుతుంది. అవి వాన చినుకులకు, వడగళ్లకు తగిలి వెనక్కి వస్తాయి. ఎంతసేపటికి వచ్చాయో చూస్తే వాన ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఎంత బలంగా వచ్చాయో చూస్తే వాన ఎంత జోరుగా ఉందో తెలుస్తుంది. డాప్లర్ అనే పద్ధతి వల్ల ఆ చినుకులు రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా అన్నది కూడా తెలుస్తుంది. మన విశాఖపట్నంలో, మచిలీపట్నంలో, హైదరాబాదులో ఉన్నవి కూడా డాప్లర్ రాడార్లే. తుఫాను వచ్చినప్పుడు వార్తల్లో చూపించే రంగుల బొమ్మలు ఇలాంటి రాడార్లవే.

బొమ్మలో ఆకుపచ్చ అంటే చిన్న వాన. పసుపు అంటే కాస్త జోరు వాన. ఎరుపు అంటే కుండపోత. వంకాయ రంగు కలిసిన గులాబీ కనిపిస్తే వడగళ్లు కూడా ఉండవచ్చు, దాని దగ్గరికి అసలు పోకూడదు.

అన్ని రాడార్ల బొమ్మలనూ ఒకచోట చేర్చి అతికి ఒకే పెద్ద బొమ్మ చేస్తారు. దాన్ని నేల మీద ఉన్న రేడియో స్తంభాల నుంచి పైకి పంపిస్తారు. విమానంలో చిన్న డబ్బా ఒకటి దాన్ని అందుకుని తెర మీద వేస్తుంది. ఈ పంపిణీకి ఎఫ్ఐఎస్-బీ అని పేరు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, డబ్బా ఉంటే చాలు. వాన బొమ్మతో పాటు విమానాశ్రయాల్లో గాలి ఎటు వీస్తోంది, మంచు ఎంత ఉంది, రాబోయే గంటల్లో ఎలా ఉంటుంది, ఏ చోటికి వెళ్లకూడదు అన్న సమాచారం కూడా వస్తుంది. స్తంభానికీ విమానానికీ మధ్య కొండ అడ్డం ఉంటే మాత్రం రాదు. నేల మీద నిలబడి ఉన్నప్పుడు కూడా చాలాచోట్ల రాదు. చందా కట్టినవాళ్లకు ఉపగ్రహం నుంచి వచ్చే పద్ధతి వేరే ఉంది. అది నేల మీద ఉన్నా అందుతుంది.

అసలు చిక్కు: బొమ్మ వయసు

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వస్తాను. ఆ మబ్బు ఎప్పటిది?

రాడార్ ఒకేసారి ఆకాశమంతా చూడలేదు. చుట్టూ తిరుగుతూ, కొంచెం కొంచెం తల పైకెత్తుతూ పొరలు పొరలుగా చూస్తుంది. ఒక విడత పూర్తి కావడానికి సుమారు 4 నుంచి 10 నిమిషాలు పడుతుంది. తర్వాత అన్ని రాడార్ల బొమ్మలు అతకాలి. దానికి కొంత సమయం. తర్వాత పైకి పంపాలి. అది కూడా ఎప్పుడు పడితే అప్పుడు పంపరు, కొన్ని నిమిషాలకోసారి పంపుతారు. ఇంత జరిగాక పైలట్ తెర మీద ఒక మూల "2 నిమిషాలు" అని కనిపిస్తుంది. పైలట్ ఏమనుకుంటాడు? ఈ వాన రెండు నిమిషాల క్రితంది అనుకుంటాడు. నిజానికి ఆ రెండు నిమిషాలు బొమ్మను అతికి రెండు నిమిషాలైందని చెబుతున్నాయి. అందులోని వానను రాడార్ చూసి ఎంతసేపైందో ఆ అంకె చెప్పదు.

ఇది నాకు మొదట అర్థం కాలేదు. మా అవ్వ కుట్టే బొంత గుర్తొచ్చాక అర్థమైంది. పాత చీరల ముక్కలు అతికి బొంత కుడుతుంది. బొంత ఎప్పుడు కుట్టావంటే మొన్న సంక్రాంతికి అంటుంది. కానీ అందులో ఒక ముక్క మా అమ్మ పెళ్లినాటి చీరది. బొంత వయసు వేరు, ముక్క వయసు వేరు.

అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే సంస్థ ఒకటుంది. దాని పేరు ఎన్‌టీఎస్‌బీ. 2012 జూన్‌లో ఆ సంస్థ పైలట్లందరికీ ఒక హెచ్చరిక పంపింది. కొన్ని సందర్భాల్లో తెర మీద చూపించే వయసు కంటే బొమ్మలోని సమాచారం 15 నుంచి 20 నిమిషాలు పాతదై ఉండవచ్చని అందులో చెప్పింది. రెండు ప్రమాదాలను ఉదాహరణగా చూపించింది. ఒకటి 2010 మార్చిలో టెనెసీ రాష్ట్రంలో కూలిన వైద్య హెలికాప్టర్. అందులో ముగ్గురు చనిపోయారు. రెండోది 2011 డిసెంబర్‌లో టెక్సస్ రాష్ట్రంలో కూలిన చిన్న విమానం. అందులో ఐదుగురు చనిపోయారు. రెండింటిలోనూ పైలట్ల దగ్గర వాన బొమ్మ చూపించే తెర ఉంది.

15 నిమిషాలే కదా, అదేం పెద్ద సమయం అనుకుంటున్నారా? లెక్క చేద్దాం. గాలివాన గంటకు 40 కిలోమీటర్లు కదులుతోందనుకోండి. 15 నిమిషాల్లో 10 కిలోమీటర్లు జరిగిపోతుంది. మన హాస్టల్ నుంచి సంత జరిగే ఊరికున్నంత దూరం. అదే 15 నిమిషాల్లో 220 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 55 కిలోమీటర్లు పోతుంది. తెర మీద రెండు ఎర్ర మరకల మధ్య సన్నటి ఖాళీ కనిపిస్తుంది. పైలట్ అందులోంచి దూరిపోదామనుకుంటాడు. అతను అక్కడికి వెళ్లేసరికి ఆ ఖాళీ మూసుకుపోయి ఉంటుంది.

మా గెడ్డ కథ

ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో చెప్తాను. దీని గురించి నేను ఇంతవరకు హాస్టల్‌లో ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు కొత్తల పండక్కి ఇంటికెళ్లి తిరిగి వస్తున్నాం. నేను, మా నాన్న, మా చిన్నాన్న. మా ఊరికీ రోడ్డుకీ మధ్య గెడ్డ ఉంది. అవతలి ఒడ్డు ఊళ్లో మా మావయ్య ఉంటాడు. మా ఊళ్లో బండ ఎక్కితే గానీ సిగ్నల్ రాదు. నాన్న బండ ఎక్కి మావయ్యకు ఫోన్ చేశాడు. "గెడ్డ మోకాలు లోతే ఉంది బావా, వచ్చేయండి" అన్నాడు మావయ్య. మేం సామాను సర్దుకుని, నా ట్రంకు పెట్టె చిన్నాన్న నెత్తిన పెట్టుకుని నడిచి గెడ్డ దగ్గరికి వచ్చేసరికి గంట దాటింది.

నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మా మీద చినుకు లేదు, ఎండే కాస్తోంది. నాన్న ఆగాడు. చిన్నాన్న మాత్రం, "ఇప్పుడే కదా ఫోన్లో చెప్పాడు, మోకాలు లోతేనని" అంటూ దిగేశాడు. నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగుకు నడుము దాకా వచ్చింది. పెట్టె జారింది, మనిషి జారాడు. ముప్ఫై అడుగుల కింద ఒక చెట్టు వేరు దొరక్కపోతే ఆ రోజు మా ఇంట్లో ఏమయ్యేదో నేను రాయలేను. నాన్న పొడుగాటి కర్ర అందించి లాగాడు. నా పెట్టె పోయింది. అందులో లెక్కల నోట్సు, కొత్త చొక్కా, అమ్మ కట్టిన అరిసెలు పోయాయి. నోట్సు పోయిందని నేను లెక్కల మాస్టారితో అబద్ధం చెప్పాను, ఎలకలు కొట్టేశాయని. మాస్టారూ, మన్నించండి.

తర్వాత తెలిసింది. మావయ్య అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన గెడ్డను తన కళ్లతో చూడలేదు. పొద్దున గెడ్డ దాటి వచ్చిన కుర్రాడొకడు మోకాలు లోతని చెబితే, ఆ మాటే మాకు చెప్పాడు. ఫోన్ వచ్చింది అప్పుడే, కానీ అందులోని వార్త పొద్దుటిది. ఈలోగా ఎగువ కొండ మీద వాన కురిసింది. చిన్నాన్న ఫోన్ వయసు చూశాడు గానీ వార్త వయసు చూడలేదు.

ఎన్‌టీఎస్‌బీ వాళ్లు చెప్పిందీ ఇదే. అక్కడ విమానం, ఇక్కడ గెడ్డ, అంతే తేడా.

బొమ్మలో కనిపించనివి

వయసు ఒక్కటే కాదు, ఇంకో సంగతి కూడా ఉంది. రాడార్ చూపించేది వానను. వాన లేని మబ్బును, మన కొండల మీద పొద్దున్నే కప్పుకునే మంచును అది సరిగ్గా చూపించదు. గాలివాన పక్కన వాన లేని చోట కూడా గాలి విమానాన్ని ఎత్తి కుదేయగలదు. దాన్ని కూడా ఆ రంగుల బొమ్మలో చూడలేం. పైగా రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ ఎత్తుకు పోతుంది, కొండలుంటే అడ్డు తగులుతాయి. కాబట్టి కొండ వెనక లోయలో కురిసే వాన దానికి కనిపించకపోవచ్చు. తెర మీద ఖాళీగా ఉందంటే వాన లేదని అర్థం కాదు, రాడార్‌కు కనిపించలేదని అర్థం.

అందుకే అమెరికా విమానయాన శాఖ పైలట్లకు ఒక మాట చెబుతుంది. తీవ్రమైన ఉరుముల మబ్బుకు కనీసం 20 మైళ్ల దూరంలో ఉండాలి. అంటే 30 కిలోమీటర్ల పైమాటే. తెరను చూసి మబ్బుల సందులోంచి దూరిపోకూడదు. తెరను చూసి ముందుగానే చుట్టుతిరిగి పోవాలి, లేదా వెనక్కి రావాలి, లేదా దగ్గరలో దిగిపోవాలి. ఈ వ్యాసమంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఎదురొచ్చే విమానం ఎలా తెలుస్తుంది?

ఇక రెండో సంగతి. ఆకాశంలో రోడ్లు లేవు, బ్రేకులు లేవు. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే ఎలా?

రాత్రిపూట అడవి దారిలో నడిచేటప్పుడు మనవాళ్లు కూత వేస్తూ నడుస్తారు కదా. ఆ కూత విని ఎవరు ఎక్కడున్నారో తెలుసుకుంటారు. విమానాలు కూడా ఇప్పుడు అలాగే చేస్తున్నాయి. ఆ పద్ధతి పేరు ఏడీఎస్-బీ. విమానంలోని జీపీఎస్ తానెక్కడుందో ఉపగ్రహాల ద్వారా తెలుసుకుంటుంది. ఆ సంగతిని, తన ఎత్తును, వేగాన్ని, పేరును సెకనుకు సుమారు ఒకసారి రేడియోలో చాటుతుంది. చాటడాన్ని "అవుట్" అంటారు, వినడాన్ని "ఇన్" అంటారు. వినే డబ్బా ఉన్న పైలట్ తెర మీద పక్క విమానం చిన్న బాణంలా కనిపిస్తుంది. పక్కన "+05" అని ఉంటే అది మనకంటే 500 అడుగులు పైన ఉందని అర్థం. "-03" అంటే 300 అడుగులు కింద. పక్కన పైకి గీత ఉంటే ఎక్కుతోంది, కిందికి ఉంటే దిగుతోంది.

అమెరికాలో 2020 జనవరి 1 నుంచి పెద్ద విమానాశ్రయాల చుట్టూ, ఇంకా 10 వేల అడుగులకు పైన చాలాచోట్ల, చాటే పరికరం తప్పనిసరి చేశారు. అక్కడ రెండు తరంగాలు వాడతారు, 1090 మెగాహెర్ట్జ్ ఒకటి, 978 మెగాహెర్ట్జ్ ఒకటి. ఒక తరంగం మీద చాటినవాడి మాట రెండో తరంగం వినేవాడికి వినపడదు కదా? అందుకని నేల మీది స్తంభాలు ఆ మాటను అందుకుని రెండోవాళ్లకు తిరిగి చెబుతాయి. మన సభల్లో ఒకరు కువి భాషలో మాట్లాడితే ఇంకొకరు తెలుగులో చెప్పినట్లు. చాటే పరికరం లేకుండా నేల రాడార్‌కు మాత్రమే కనిపించే విమానాల సంగతి కూడా స్తంభాలు చెబుతాయి. దీన్ని టీఐఎస్-బీ అంటారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ సాయం అందాలంటే నువ్వు కూడా చాటుతూ ఉండాలి. చాటే విమానం చుట్టూ సుమారు 28 కిలోమీటర్ల దూరం, పైన 3,500 అడుగులు, కింద 3,500 అడుగులు, అంతవరకు స్తంభం లెక్క చెబుతుంది. నువ్వు చాటకుండా వినే డబ్బా ఒక్కటే కొనుక్కుని కూర్చుంటే పక్కవాడి కోసం పంపిన మాటల్లో కొన్ని నీ చెవిన పడతాయి, కొన్ని పడవు. తెర నిండుగానే కనిపిస్తుంది, కానీ అందులో లేనివాళ్లు బయట ఉంటారు.

కరెంటు ఏర్పాటు లేని పాత విమానాలకు, బెలూన్లకు, ఇంజను లేని గ్లైడర్లకు ఈ నిబంధనలో చాలావరకు మినహాయింపు ఉంది. పక్షులైతే సరేసరి, వాటికి పరికరమే లేదు. కూత వేయకుండా నడిచేవాడు అడవిలో ఉండొచ్చు కదా, ఇదీ అంతే.

ఈ జాగ్రత్తలన్నీ ఊరికే రాలేదు. 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ మీద రెండు విమానాలు ఢీకొని 128 మంది చనిపోయారు. మన దేశంలో 1996 నవంబర్ 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ తర్వాత మన దేశంలో పెద్ద విమానాలకు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు. ఆ పరికరం "పైకెక్కు", "కిందికి దిగు" అని ఆజ్ఞ ఇస్తుంది. చిన్న విమానంలోని తెర ఆజ్ఞ ఇవ్వదు, ఎవరెక్కడున్నారో చూపిస్తుంది, అంతే. నిర్ణయం పైలట్‌దే.

తల దించుకుంటే

ఇన్ని సంగతులు చూపించే తెరతో ఇంకో ప్రమాదం ఉంది. కళ్లు దానికే అతుక్కుపోతాయి. టీవీ గదిలో క్రికెట్ చూస్తున్నప్పుడు వార్డెన్ గారు వెనక నిలబడినా మనకు తెలియదు చూశారా, అలాగన్నమాట. వాతావరణం బాగున్నప్పుడు చిన్న విమానం పైలట్‌కు మొదటి నియమం ఒకటే. బయటికి చూడు, కనిపించినదాన్ని తప్పించుకో. తెర దానికి సాయం మాత్రమే.

మన రాష్ట్రంలో జరిగిన ఒక విషాదం ఇక్కడ చెప్పాలి. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల అడవిలో కూలి ఐదుగురు చనిపోయారు. అది ప్రైవేట్ పైలట్లది కాదు, ప్రభుత్వ హెలికాప్టర్, నడిపేవాళ్లు ఇద్దరు. వాళ్ల దృష్టి నూనె ఒత్తిడికి సంబంధించిన ఒక సమస్య మీద పడిందని, ఆ సమయంలోనే చెడ్డ వాతావరణంలోకి వెళ్లి, బలంగా కిందికి తోసే గాలిలో చిక్కి అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. ఇద్దరున్న చోటే అలా జరిగితే, ఒక్కడే ఉన్న చిన్న విమానంలో చూపు ఎటు ఉండాలో ఆలోచించండి.

మంచి పైలట్ తెరను ఎలా వాడతాడు?

1. బయలుదేరే ముందే పూర్తి వాతావరణం తెలుసుకుంటాడు. పైకెళ్లాక చూసుకోవచ్చులే అనుకోడు.
2. వాన బొమ్మ చూడగానే ముందు వయసు చూస్తాడు. దానికి ఇంకో 15, 20 నిమిషాలు కలుపుకుంటాడు.
3. వరసగా వచ్చిన బొమ్మలు చూసి వాన ఎటు కదులుతోందో, పెరుగుతోందో తగ్గుతోందో గమనిస్తాడు.
4. తెరలో ఉన్నదాన్ని కిటికీలో కనిపిస్తున్నదానితో పోల్చుకుంటాడు. రెండూ కలవకపోతే కిటికీనే నమ్ముతాడు.
5. అనుమానమొస్తే రేడియోలో అడుగుతాడు. అడగడానికి సిగ్గుపడడు.
6. తెర మీద ఒక్క చూపు చూసి, మళ్లీ బయటికి చూస్తాడు.
7. పలకకు ఎండ తగిలితే వేడెక్కి ఆగిపోతుంది, బ్యాటరీ కూడా అయిపోతుంది. అందుకని అది లేకపోయినా ఇంటికి చేరే దారి ముందే ఆలోచించి పెట్టుకుంటాడు.
8. వెనక్కి తిరిగి రావడాన్ని ఓటమి అనుకోడు.

ఎనిమిదోది నేను రాశాక మా నాన్న గుర్తొచ్చాడు. ఆ రోజు ఎర్రనీళ్లు చూసి ఒడ్డునే ఆగింది ఆయనొక్కడే. ఆయనకు చదువు రాదు. నీళ్ల రంగు చూశాడు, ఫోన్ మాట పక్కన పెట్టాడు.

వార్డెన్ గారికి ఒక మనవి

వచ్చే నెల దసరా సెలవులు. ఏ గెడ్డ దాటొచ్చు, ఏ దారి బాగుంది అని ప్రతి ఏడూ మెస్ దగ్గర బోర్డు మీద రాస్తారు. అది చూసే మనమంతా బయలుదేరతాం. ఆ బోర్డు మీద "దాటవచ్చు" అని ఉంటుంది గానీ, అది ఎవరు చూశారో, ఎన్ని గంటలకు చూశారో ఉండదు. నిన్నటి రాతా, ఈ రోజుదా కూడా తెలియదు.

దయచేసి ఈసారి ప్రతి గెడ్డ పక్కన రెండు సంగతులు రాయించండి. కళ్లతో చూసినవాళ్ల ఊరు, చూసిన సమయం. ఫోన్ వచ్చిన సమయం కాదు. మూడు గంటలు దాటిన వార్తను తుడిచేసి మళ్లీ కనుక్కునే పని మా పదో తరగతి వాళ్లం వంతులు వేసుకుని చేస్తాం. సుద్దముక్కలు కూడా మేమే తెచ్చుకుంటాం.

తమ్ముళ్లూ, మీకు కూడా ఒక మాట. బోర్డు మీద ఏం రాసి ఉన్నా గెడ్డ దగ్గరికి వెళ్లాక నీళ్లు ఎర్రగా ఉంటే ఆగండి. ఒక పూట ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు.

ఆరో తరగతి తమ్ముడూ, నువ్వడిగిన ప్రశ్నకు ఆ రాత్రి సగం జవాబే చెప్పాను. మిగతా సగం ఇదిగో.

ఆలోచించండి (జవాబులు వచ్చే సంచికలో)

1. గాలివాన గంటకు 60 కిలోమీటర్లు కదులుతోంది. తెర మీద బొమ్మ నిజంగా 20 నిమిషాలు పాతది. మబ్బు ఎంత దూరం జరిగి ఉంటుంది?
2. తెర మీద ఒక విమానం పక్కన "-10" అని ఉంది. అది మనకు పైన ఉందా, కింద ఉందా? ఎన్ని అడుగులు?
3. తెర మీద ఒక్క విమానం కూడా కనిపించడం లేదు. పైలట్ బయటికి చూడటం మానెయ్యొచ్చా? ఎందుకు?

తప్పులుంటే మాస్టార్లు ఎర్ర ఇంకుతో చార్టు మీదే దిద్దండి, కోపం రాదు.

— పదో తరగతి విద్యార్థి